‘నువ్వు’ అంటే మర్యాద లేనట్టేనా?

పోయిన ఎపిసోడ్ విని కృష్ణా జిల్లా తమ్ముడొకరు మెసేజ్ పెట్టిండు. "అన్నా, మీ తెలంగాణవాళ్ళు పెద్దోళ్ళని కూడా నువ్వు అంటారేంటి, మర్యాద తెలీదా?" అని. నవ్వుకున్న. జవాబు రాద్దామని కూసుంటే మా తాత యాదికొచ్చిండు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. దొర గడీ ముందు నుంచి పోవాలంటే మా తాత చెప్పులు చేతిలో పట్టుకొని పోయేవాడట. దొర పిలిస్తే "నీ బాంచన్, కాల్మొక్త" అనాలి. బాంచ అంటే బానిస. ఇక్కడ ఒక్కటి చూడున్రి. అంత వంగి దండం పెట్టే మాటలో ఉన్నది ‘నీ’, ‘మీ’ కాదు! అంటే నువ్వు, మీరు అనే తక్కెడతోని మా దిక్కు మర్యాదను తూచలేం. మా దగ్గర అది వరసలో ఉంటది. "అన్నా, నువ్వు తిన్నవా" అంటే అందులో గౌరవమంతా ‘అన్నా’లోనే ఉంది. దొర మాత్రం ఆ వరస ఎవ్వరికీ ఇయ్యలేదు. మల్లయ్య అరవై ఏండ్లోడైనా దొర నోట మల్లిగాడే, లచ్చమ్మ లచ్చే.

ఇది ఒట్టి మాటల సంగతి కాదు. ఆ మాట వెనక వెట్టి ఉండేది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి పని వాళ్ళు గడీకి పైసా లేకుండ చెయ్యాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ తర్వాత తర్వాత ఊర్లల్ల ‘సంఘం’ అయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటా తగిలి చనిపోయిండు. 1951 దాకా సాయుధ పోరాటం నడిచింది. అది ఎక్కువ నల్లగొండ, వరంగల్ దిక్కు. మా ఊర్లల్ల దొరలు అట్లనే ఉన్నరు.

మా దిక్కు కదలిక 1978లో. సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది రైతు కూలీలు ఊరేగింపు తీసిండ్రు. జైత్రయాత్ర అంటరు దాన్ని. కూలి పెంచాలె, వెట్టి పోవాలె అన్నరు. కొన్ని ఊర్లల్ల దొరలకు చాకలి, మంగలి బంద్ పెట్టిండ్రు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. పుస్తకాలల్ల ఇవన్నీ ఉంటయి. మా నాయనమ్మ మాత్రం ఒక్కటే చెప్పేది: "ఆ ఏడు మీ తాత చెప్పులేసుకొని గడీ ముందటికెల్లి పోయిండు."

దొరలు పట్నం పోయిండ్రు, మావాళ్ళు గల్ఫ్ పోయిండ్రు. నేను కూడా ఐటీఐ చేసి షార్జా వచ్చిన. ఇక్కడ యజమాని అర్బాబ్, మేనేజర్ ముదీర్, కూలీ సదీక్. సదీక్ అంటే అరబ్బీలో దోస్తు. మంచి మాటే. కానీ సైటు మీద సదీక్ అని ఎవర్ని పిలుస్తరో తెలుసా? పేరు అడగాలని కూడా అనిపించని మనిషిని.

పోయిన ఎండాకాలం మధ్యాహ్నం బ్రేక్ మూడింటికి అయిపోయింది. స్టీల్ ఫిక్సర్ ఒకాయన పది నిమిషాలు లేటు. పైనుంచి నాకు ఫోన్ మీద ఫోన్. "ఓరేయ్, పండుకున్నవా?" అని అందరి ముందు ఒర్రిన. ఆయన చేతులు జోడించి, "తప్పైంది సార్, నీ కాల్మొక్త" అన్నడు.

సిరిసిల్ల దిక్కాయన. మా నాయన వయసుంటది.

ఆ రాత్రి క్యాంపులో ఆయన రూముకు పోయిన. "కాకా, నువ్వు తిన్నవా?" అన్న. మంచం మీదికెల్లి గబుక్కున లేచి నిలబడ్డడు. కూసో కాకా అంటే కూసుంటలేడు.