డిగ్రీ లేని జనరల్.. సీఐఏ బాస్ ఎట్లయ్యాడు?

"డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, ఇక అంతేనా అన్నా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అందుకే ఈరోజు వాల్టర్ బెడెల్ స్మిత్ కథ.

1895లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పుట్టాడు. తండ్రి జబ్బుపడటంతో కాలేజీ మానేశాడు. 1911లో నేషనల్ గార్డ్‌లో మామూలు సిపాయిగా చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డాడు. రెండో యుద్ధంలో ఐసెన్‌హోవర్‌కి చీఫ్ ఆఫ్ స్టాఫ్. అంటే పైవాడికి నచ్చినా నచ్చకపోయినా అసలు పరిస్థితి చెప్పాల్సిన మనిషి. 1945 మే 7న రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద మిత్రపక్షాల తరఫున సంతకం పెట్టింది ఈయనే. ఆ తర్వాత మాస్కోలో రాయబారి.

ఇప్పుడు అసలు కథ. 1950 జూన్‌లో ఉత్తర కొరియా దక్షిణం మీద పడింది. 1947లో పుట్టిన సీఐఏ ఆ దాడిని ముందే పసిగట్టలేదని విమర్శలొచ్చాయి. అక్టోబర్‌లో అధ్యక్షుడు ట్రూమన్ స్మిత్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

వచ్చిన వారంలోపే పెద్ద దెబ్బ. 'ఈ ఏడాది చైనా యుద్ధంలోకి దిగే అవకాశం తక్కువ' అని అక్టోబర్ 12న సీఐఏ అంచనా ఇచ్చింది. మరో వారానికే చైనా సైన్యం యాలూ నది దాటింది! ఒక్క తప్పు అంచనా వెనక ఎన్ని ప్రాణాలుంటాయో ఆలోచించండి.

స్మిత్ ఏం చేశాడు? నవంబర్‌లోనే అంచనాల కోసం ప్రత్యేక ఆఫీస్ పెట్టాడు. హార్వర్డ్ నుంచి విలియం లాంగర్‌ని, తర్వాత యేల్ నుంచి షెర్మన్ కెంట్‌ని తెచ్చుకున్నాడు. ఇద్దరూ చరిత్ర ప్రొఫెసర్లే! అన్ని సంస్థల సమాచారం కలిపి ఒకే అంచనా తయారవ్వాలి. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరం కూడా కాగితం మీద ఉండాలి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బగ్ దొరకడం కష్టం కాదు. రిలీజ్ ముందురోజు రాత్రి మేనేజర్‌కి చెప్పడం కష్టం. నేనూ ఓసారి నోరు మూసుకున్నా, తర్వాత అనుభవించా.

అట్లని స్మిత్‌ని దేవుణ్ణి చేయొద్దు. రహస్య ఆపరేషన్లు అసలు పనిని మింగేస్తాయని భయపడ్డ ఇదే మనిషి, 1953లో సీఐఏ వదిలి విదేశాంగ శాఖకి వెళ్లాక, 1954లో గ్వాటెమాలా ప్రభుత్వాన్ని కూల్చిన సీఐఏ ఆపరేషన్‌కి అండగా నిలిచాడు. 1961లో చనిపోయాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిగ్రీ ఆగినా నేర్చుకోవడం ఆపకండి. తప్పు జరిగితే దాచకండి, పద్ధతి మార్చండి. ఉంటా మరి!