చుక్క తర్వాత అంకె

శనివారం పొద్దున్న. వ్యాన్ డోరెన్ వీధిలోని ప్లెయిన్స్‌బరో పబ్లిక్ లైబ్రరీ ఇప్పుడే తెరిచారు. ఈ భవనం 2010 నాటిది, ఇంచుమించు నా ఈడుది. నా ముందు తోపుడు బండి, దాని నిండా రాత్రి తిరిగొచ్చిన పుస్తకాలు. నెడితే ఒక చక్రం కిర్రుమంటుంది. మూలన కూర్చుని చదువుకునే పెద్దాయన తలెత్తి చూస్తాడు. నవ్వేసి ముందుకు పోతాను.

వాలంటీర్ పని అంటే చాలావరకు ఇదే: పుస్తకం వెన్ను మీది నంబరు చూడటం, దాని చోట పెట్టడం. తేలిగ్గానే ఉంటుంది, చుక్క వచ్చేదాకా. 636.737 ముందా, 636.8 ముందా? లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునేవాళ్ళూ ఇక్కడ ఆగిపోతారు. ఏడు వందల ముప్పై ఏడు పెద్దదే కదా అనిపిస్తుంది. కానీ 1876లో మెల్విల్ డ్యూయీ అచ్చువేసిన ఈ పద్ధతిలో చుక్క తర్వాత ఒక్కో అంకెనే చూసుకుంటూ పోవాలి. 7 ముందు, 8 తర్వాత. గొర్రెల్ని కాసే కుక్కలు ముందు, పిల్లులు వెనక.

"అమ్మాయ్, తెలుగొచ్చా?"

వెనక్కి తిరుగుతాను. తలకి మఫ్లర్, కాళ్ళకి కొత్త బూట్లు. కొడుకు దగ్గరికి వచ్చినట్టున్నారు.

"వచ్చు తాతగారూ."

"ఇక్కడ ఒకప్పుడు పెద్ద పాడి ఉండేదటగా. ఒక్క ఆవూ కనపడదేం?"

ఆవుల పుస్తకాలు 636.2. న్యూజెర్సీ చరిత్ర 974.9. రెండు చోట్లకీ నడుస్తూ నాకు తెలిసింది చెబుతాను. వాకర్ గోర్డన్ డెయిరీలో 1930లో రోటొలాక్టర్ అని ఒక తిరిగే వేదిక కట్టారు. ఒకేసారి 50 ఆవులు ఎక్కేవి, అది ఒక చుట్టు తిరిగేలోపు పాలు పితకడం అయిపోయేది. బోర్డెన్ కంపెనీ ప్రకటనల ఆవు ఎల్సీ 1941లో లారీ ప్రమాదంలో దెబ్బతిని చనిపోతే ఈ ఊళ్ళోనే పాతిపెట్టారు. ఆ డెయిరీ పొలంలో ఇప్పుడు ఇళ్ళు.

ఆయన అంతా విని, "మరి దూడలకేం మిగిల్చేవాళ్ళు?" అంటారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. చెయ్యి మాత్రం అరలో వెతుకుతోంది. కంప్యూటర్‌లో ‘అరలో ఉంది’ అని చూపిస్తున్న ఆవుల పుస్తకం అరలో లేదు. పై వరస, కింది వరస, పుస్తకాల వెనక సందు. చివరికి దొరికింది, పిల్లుల మధ్య. ఎవరో తీసి చూసి, ఖాళీ కనపడిన చోట దోపి వెళ్ళారు. ఎవరూ ఎత్తుకుపోలేదు, చింపలేదు. అయినా ఇందాకటి దాకా ఆ పుస్తకం ఈ ఊరికి లేనట్టే.

మాలో చాలామంది కాలేజీ దరఖాస్తులో వాలంటీర్ గంటలు చూపించుకోవడానికే చేరతాం. నేనూ అంతే. కానీ గంటలు నింపుకోవడానికి వచ్చినవాళ్ళు సర్దిన అర చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: పుస్తకాలన్నీ అంచు కలిసి ముచ్చటగా నిలబడి ఉంటాయి, వరస మాత్రం తప్పి ఉంటుంది.

కాబట్టి లైబ్రరీకి వచ్చే అమ్మలకూ నాన్నలకూ తాతయ్యలకూ ఒక్క మనవి. పుస్తకం తీసి చూసి వద్దనుకుంటే, సాయం చేస్తున్నామనుకుని మీరే అరలో పెట్టకండి. బండి మీద వదిలేయండి. మేం పెడతాం.