దూరవైద్యము – దాని ధర్మములు

వైద్యుడు లేని యూరు వాసయోగ్యము గాదని మన పెద్దల మాట. వైద్యుడు దూరముననుండియే రోగిని విచారించు పద్ధతి యెట్లు పుట్టినదో, దానికి ధర్మములెట్లేర్పడినవో మనవి చేసెదను.

1905వ సంవత్సరమున హాలెండు దేశమందలి లైడెన్ నగరములో ఐంథోవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఆసుపత్రిలోని రోగి గుండె స్పందనములను టెలిఫోను తీగమీదుగా కిలోమీటరున్నర దూరముననున్న తన ప్రయోగశాలకు రప్పించి లిఖింపజేసెను. మన సీమలో 2000వ సంవత్సరము మార్చినెలలో, చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమందలి అపోలో ఆసుపత్రిని ఉపగ్రహసాహాయ్యమున పట్టణవైద్యులతో కలిపిరి. అప్పుడు మన దేశమునకు వచ్చియున్న అమెరికా అధ్యక్షుడు క్లింటను దానిని ప్రారంభించెను.

యంత్రము వచ్చినది గాని దానికి తగిన నియమములు రాలేదు. దూరమునుండి మందు వ్రాయుట తప్పో ఒప్పో యని వైద్యులే సంశయించుచుండిరి. తుదకు 2020 మార్చి 25వ తేదీన, కరోనా కారణముగా దేశమంతయు తలుపులు మూసికొన్ననాడు, దూరవైద్య మార్గదర్శకములు వెలువడినవి. ఆ యేడే వానిని 2002 నాటి వైద్యవృత్తి నియమావళికి అనుబంధముగా చేర్చిరి.

వాని సారమిది. వైద్యుడు తానెవరో తెలిపి, రోగి యెవరో విచారింపవలెను. రోగియే పిలిచినచో అంగీకారమున్నట్లే. ఇతరులు పిలిచినచో రోగిని స్పష్టముగా అడుగవలెను. మత్తుమందులు వ్రాయరాదు. చేయిపట్టి చూడవలసిన వ్యాధియైనచో స్వయముగా రమ్మని చెప్పవలెను. మందుచీటిమీద వైద్యుని నమోదుసంఖ్య యుండవలెను. ప్రత్యక్షవైద్యమునకు వలెనే రుసుము గైకొనవచ్చును గాని, దానికి రసీదు నీయవలెను.

ఈ కాగితముల విలువ నాకు అనుభవమున తెలిసినది. ఒకప్పుడు మా తల్లిగారి దగ్గునకై ఒక వైద్యునితో ఫోనులో మాటాడి, రుసుము ముందే చెల్లించితిని. ఆయన మందుల పేర్లు నోటితో చెప్పెను. చీటి లేదు, రసీదు లేదు. పది దినములకు వ్యాధి ముదిరి పెద్దాసుపత్రికి పోగా, ఇంతకుమున్ను ఏమి వాడితిరని యడిగిరి. నేను చెప్పలేకపోతిని. రుసుము పోయినందుకు గాదు, ఆనాడు తల్లి యెదుట మాటరాక నిలిచినందుకు నేటికిని చింతిల్లుచున్నాను.

రసీదున్నచో మఱియొక లాభము గలదు. వైద్యసంప్రదింపునకు సొమ్మిచ్చు పాలసీలలో దూరవైద్యమునకును చెల్లింపవలెనని 2020 జూనులో బీమా నియంత్రణసంస్థ ఆదేశించినది. ప్రభుత్వము నడుపు ఈ-సంజీవనియందు రుసుమే లేదు.

కావున పెద్దలారా, మీ యూర నెవరైన ఫోనులో వైద్యము చేయించుకొన్నచో, వైద్యుని నమోదుసంఖ్యయు, మందుచీటియు, రసీదును అడిగి పుచ్చుకొనుడని చెప్పుడు. అడుగుటకు సంకోచింపనక్కఱలేదు, అది నియమము మనకిచ్చిన హక్కు.