చక్కెరే అసలు ప్రత్యామ్నాయం

చక్కెర నిండుకున్నప్పుడు తేనెతోనో, మొలాసిస్‌తోనో పని కానిచ్చుకోవడాన్ని సర్దుబాటు అంటాం. అమెరికా వంటిళ్ల చరిత్రలో మాత్రం ఈ వరస తలకిందులుగా నడిచింది. కరీబియన్ దీవుల్లో బానిసల చేత చక్కెర తీయించగా మిగిలిన నల్లని మడ్డి, అంటే మొలాసిస్, న్యూ ఇంగ్లండ్ రేవులకు పీపాల్లో చేరేది. కొంత రమ్ము బట్టీలకు, కొంత వంటింటికి పోయేది. ఆ వ్యాపారం ఎంత బలిసిందంటే, 1733లో బ్రిటిష్ పార్లమెంటు పరాయి వలసల మొలాసిస్ మీద గాలనుకు 6 పెన్నీల సుంకం వేసింది. 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేసిన వంటల పుస్తకంలో మొలాసిస్ అల్లం రొట్టె ఉంది. అందులో పడే పెర్లాష్ అనే క్షారం మొలాసిస్ పులుపుతో కలిసి వాయువు పుట్టించి పిండిని పొంగిస్తుంది. అంటే తీపి ద్రవం ఆ వంటకు పునాదే. 19వ శతాబ్దం చివరికి శుద్ధి కర్మాగారాలు పెరిగి తెల్ల చక్కెర చవకయ్యాకే మొలాసిస్ వెనకబడింది.

కొరత వచ్చినప్పుడల్లా పాత ద్రవాలు తిరిగొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ చక్కెర ఆగిపోయి, 1942 మేలో రేషను మొదలైంది; మనిషికి వారానికి అర పౌను. 1947 జూన్ దాకా అది తీరలేదు. ఇల్లాళ్లు తేనె, మొక్కజొన్న సిరప్ వైపు తిరిగారు. అయితే కప్పుకు కప్పు మార్చితే వంట చెడుతుంది. తేనెలో దాదాపు ఆరో వంతు నీరే. అందుకే కప్పు తేనె పోస్తే పాలో నీళ్లో పావు కప్పు తగ్గించాలి, పులుపు విరగడానికి కాస్త వంటసోడా వేయాలి, త్వరగా నల్లబడుతుంది కనుక ఓవెన్ వేడి 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు దించాలి. మొక్కజొన్న సిరప్‌కు తీపి తక్కువ, కానీ మిఠాయి పలుకు కట్టకుండా కాపాడుతుంది. అరిసెల పాకం పట్టేవారికి ఇందులో వింత కనిపించదు: అక్కడా నీరెంత మిగిలిందన్నదే అరిసె తలరాత తేలుస్తుంది.

రేషను ఎత్తేయగానే జనం చక్కెరకే మళ్లారు కదా, అదే మేలైనదని తేలలేదా అని అడగవచ్చు. కొంతవరకు నిజమే. వెన్నతో గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు గాలిని పట్టి ఉంచుతాయి, తేనె ఆ పని చేయలేదు. తేలికైన కేకుకు చక్కెరే కావాలి. కానీ అల్లం రొట్టెకు మొలాసిస్ ఇచ్చే మెత్తదనాన్నీ తడినీ చక్కెర ఇవ్వలేదు. ఏ వంట ఏ తీపి మీద పుట్టిందన్నదే ఇక్కడ గీటురాయి. తేనె ఆరోగ్యమన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. అదీ ప్రధానంగా చక్కెరలే. కాబట్టి తీపి మార్చదలచినవారు ముందు నీటి లెక్క, తరవాత పులుపు, ఆ పైన వేడి చూసుకోవాలి. రుచి సంగతి ఆఖరున.