విన్నది వాక్యమేనా? బెరయ నుండి మన తెలుగు బైబిలు దాకా



పౌలు, సీల రాత్రివేళ థెస్సలొనీక విడిచి బెరయకు వచ్చారు. అక్కడి సమాజమందిరంలోని యూదులు వాక్యాన్ని ఆశతో విన్నారు. అంతటితో ఊరుకోకుండా, పౌలు మాట లేఖనాలకు సరిపోతుందో లేదో దినదినం చూసుకున్నారు (అపొ. కా. 17:11). వారు పరీక్షించింది అపొస్తలుని బోధను! అయినా లూకా వారిని అవిశ్వాసులని తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకున్నాడు.

బెరయవారికి ఒక వీలుంది. చూసుకోవడానికి లేఖనాలు అందుబాటులో ఉన్నాయి. మన తెలుగువారికి ఆ వీలు ఎప్పుడొచ్చింది?

1719లో తరంగంబాడికి వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో తెలుగువారి మధ్య పనిచేశాడు. తెలుగు నేర్చుకొని, 1732 నాటికి బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. కాని అది అచ్చుకు నోచుకోలేదు. ఆయన జర్మనీకి తిరిగి వెళ్లాక, 1746లో హాలే పట్టణంలో లూథరు చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో అచ్చయింది. అంటే బోధ ముందు అచ్చయింది, ఆ బోధను సరిచూసుకునే గ్రంథం రాతప్రతిగానే ఉండిపోయింది.

1805లో లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. బ్రాహ్మణ కుటుంబం నుండి క్రీస్తును నమ్మిన ఆనందరాయరు తర్జుమాలో వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినప్పుడు చూడటానికి ఆ ఇద్దరూ లేరు. 1818లో ప్రిచెట్ కొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. బైబిలంతా చేతికి రావడానికి 1850ల దాకా ఆగవలసి వచ్చింది.

పుస్తకం వచ్చినా చదువు రావాలి కదా. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో, చదువురాని పల్లె విశ్వాసులకు బైబిలు కథలు, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కంఠతా నేర్పారు. అక్షరం రానివారికి కంఠస్థమైన వాక్యమే కొలబద్ద.

ఇప్పుడు మన గంభీరావుపేటలో బీడీలు చుట్టే అక్క ఫోనులోనూ బైబిలు ఉంది, దుబాయిలో పనిచేసే తమ్ముని ఫోనులోనూ ఉంది. అదే ఫోనులో రోజుకు పది ప్రసంగాలు కూడా వస్తున్నాయి. మరి సరిచూసుకుంటున్నామా?

కొన్ని నమ్మకాలు చిన్నవి. జ్ఞానులు ముగ్గురని క్రిస్మస్ నాటకంలో చూస్తాం. మత్తయి కానుకలు మూడని చెప్పాడే గాని మనుషుల లెక్క చెప్పలేదు. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. మందులు మానేస్తేనే నిజమైన విశ్వాసమని కొందరు బోధిస్తున్నారు. షుగరు గోలీలు, టీబీ మందులు మధ్యలో ఆపితే ఏమవుతుందో మనకు తెలుసు. లేఖనం చూద్దాం. దేవుడు హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం చేశాక కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద పెట్టించాడు (2 రాజులు 20:7). తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). పౌలుతో ఉన్న లూకా వైద్యుడు (కొలస్సీ 4:14). ప్రార్థనకూ మందుకూ లేఖనం తగువు పెట్టలేదు.

మరొక మాట. బోధకుడు ఒక వచనం చూపించాడు కదా అని అక్కడే ఆగకూడదు. దేవాలయ శిఖరం మీద సాతాను కూడా కీర్తన వచనమే చూపించాడు. ప్రభువు దానికి ధర్మశాస్త్రంలోని మరో మాటతో జవాబిచ్చాడు (మత్తయి 4:6, 7). కాబట్టి వచనానికి ముందు వెనుకలు చదవండి. ఎవరు ఎవరితో ఎందుకు అన్నారో చూడండి. మిగతా లేఖనంతో కలిపి చూడండి. చదువురాని అమ్మలకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించాలి.

మేము ఆదివారం చెప్పే ప్రసంగాన్ని కూడా ఇలాగే పరీక్షించండి. అపొస్తలునికి లేని మినహాయింపు పాస్టరుకు ఎక్కడిది? ఈ వారం ఇంట్లో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం అందరూ కూర్చొని చదవండి. సందేహం వస్తే అడగండి, కలిసి వెదకుదాం.

ప్రభువు మనకు వినే చెవిని, వెదికే మనస్సును దయచేయును గాక. ఆమేన్.