పిల్లిరక్కు వ్యాధి పూర్వవృత్తాంతము

గాయమొకచోటను బాధ వేఱొకచోటను బయల్పడు వ్యాధుల మూలమును గుర్తించుట మిక్కిలి కష్టము. పిల్లి రక్కుటవలన సంక్రమించు వ్యాధి శతాబ్దమునకు పైగా వైద్యుల కన్నుగప్పి తిరుగుటకు నిదియే కారణము.

1889లో పారిస్ నగరమున ఆన్రీ పారినో యను నేత్రవైద్యుడు, ఒక కన్ను మాత్రమే యెఱ్ఱబడి, రెప్ప లోపలి పొరపై బొడిపెలు లేచి, ఆ వైపుననే చెవిముందరి గ్రంథి వాచి, జ్వరముతో బాధపడు రోగులను వర్ణించి, యిది జంతువులవలన నంటినదని యూహించెను. ఏ క్రిమి దీనికి హేతువో మాత్రము తేలలేదు. 1916లో జర్మన్ వైద్యుడు లేబర్, చూపు మందగించినవారి కంటి లోపలి పొరపై నక్షత్రాకృతిలో పేరుకొను స్రావమును వర్ణించెను. దానికిని పిల్లికిని గల సంబంధము 1970 వఱకు వెల్లడి కాలేదు.

1931లో పారిస్‌లోనే శిశువైద్యుడు రొబేర్ దెబ్రే, ఒక బాలుని మోచేతికడ గ్రంథి వాచి చీము పట్టియుండగా, క్షయయని సులభముగా భ్రమింపదగిన యా వాపునకు మూలమును చేతిమీది పిల్లిగీతలయందు జూచెను. 1950లో సహచరులతో గూడి యీ వ్యాధిని ప్రకటించెను. ఈలోగా 1945లో హాంగర్, రోజ్ అనువారు రోగి గ్రంథిలోని చీమునుండి సిద్ధపఱచిన ద్రవమును చర్మములో నెక్కించి వ్యాధిని నిర్ధారించు పరీక్షను గల్పించిరి.

పిల్లి రక్కిన కొన్ని వారములకు గ్రంథులు వాచుటయే దీని సాధారణ క్రమము. అరుదుగా పిల్లలకు మూర్ఛలు వచ్చి స్మృతి తప్పుటయు, కాలేయప్లీహములలో గడ్డలేర్పడి కారణము తెలియని జ్వరము వారములకొలది విడువకుండుటయు, రోగనిరోధకశక్తి క్షీణించినవారి చర్మముపై నెఱ్ఱని బొడిపెలు లేచుటయు గలదు.

1983లో అమెరికా సైనిక వ్యాధినిదాన సంస్థ పరిశోధకులు వెండి లవణముల వర్ణకముతో రోగుల గ్రంథులయందు సూక్ష్మజీవులను గాంచిరి. పిమ్మట వేఱొక క్రిమిపై నింద పడినను, 1992లో నామకరణము పొందిన హెన్సెలే యను క్రిమియే ప్రధాన హేతువని తేలెను. మరుసటి సంవత్సరము దానిని బార్టొనెల్లా వర్గమున జేర్చిరి. పిల్లినుండి పిల్లికి దీనిని జేరవేయునది పిల్లిగోమారు. దాని మలము గోళ్ళకంటి రక్కుద్వారా మనుష్యుని దేహమున బ్రవేశించును. పిల్లికి సాధారణముగా నే బాధయు గానరాదు.

కనుక పిల్లిని వెళ్ళగొట్టుట పరిష్కారము గాదు. గోమారులను నిర్మూలించి, రక్కినచోటును వెంటనే సబ్బునీటితో గడుగవలెను. వైద్యుడో, యేండ్లతరబడి సూక్ష్మదర్శిని చెప్పజాలని సమాధానమును దెబ్రేకు ఆ చేతిగీతలే చెప్పెనని తలంచి, కారణమెఱుగని జ్వరమునకు, కంటిజబ్బునకు, మూర్ఛకు ముందుగా రోగి యింట పిల్లి యున్నదా యని యడుగవలెను.