ఉద్యానవనములు – పిల్లల యాటలు

పట్టణవాసుల కొఱకు ఉద్యానవనములను నిర్మించు నాచారము ఐరోపాఖండమున పందొమ్మిదవ శతాబ్దమందు మిక్కిలి ప్రబలెను. వానిలోని బాటలు, పూలమళ్లు, బల్లలు ఎక్కువగా పెద్దల షికారునకై యేర్పడినవే. పిల్లవాడు పెద్దల చేయి పట్టుకొని నడువవచ్చును గాని మన్ను త్రవ్వరాదు. ఆ త్రవ్వుకొను హక్కు పిల్లలకు తిరిగి యెట్లు లభించెనో తెలిసికొనుట మన పురపాలక సంఘముల తోటలను నిత్యము చూచు గృహస్థులకు ఉపయోగకరము.

1837లో జర్మనీదేశమున బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్నపట్టణమందు ఫ్రోబెల్ పండితుడు పసిపిల్లల కొక శాల నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరిడెను. పిల్లల తోట యని యర్థము. ఇది కేవల మలంకారము కాదు. ప్రతి శిశువునకును తనదని చెప్పుకొనుట కొక చిన్నమడియు, అందఱును కలసి పెంచుటకు వేఱుమళ్లును ఉండవలెనని యాతని మతము. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ శాలలను నిషేధించెను. నాస్తికత్వమునకును సమష్టివాదమునకును ఇవి పుట్టినిండ్లని దాని భయము! మరుసటి యేడు ఫ్రోబెల్ మరణించెను. 1860లో గాని నిషేధము తొలగలేదు. ఆ పేరు దేశదేశములకు ప్రాకి మన యూళ్లకును వచ్చినది. పేరుతోపాటు మడియు వచ్చిన చోట్లు అరుదు.

బెర్లిను నగరపు తోటలలో పిల్లల యాటకై ఇసుకకుప్పలు పోయు వాడుక యుండెను. ఆ నగరమున జన్మించి, అమెరికాలోని బాస్టనులో వైద్యవృత్తి సాగించిన మేరీ జాక్‌జెవ్‌స్కా అను విదుషి వానిని చూచి తన మిత్రులకు వ్రాసెను. 1885లో బాస్టను ఆరోగ్యసంఘము వారు, వలసవచ్చిన బీదజనులతో నిండిన యొక పేటయందు ప్రార్థనామందిరపు టావరణలో ఇసుక పోయించిరి. ఇల్లు కట్టుటకై వాకిట ఇసుక దిగిన దినమున మన పిల్లల సంబర మెఱిగిన గృహిణికి, ఆ పేట పిల్లలేమి చేసిరో చెప్పనక్కఱలేదు. వారిని కనిపెట్టి యుండుటకు స్త్రీలను నియమించుటయు త్వరలోనే యారంభమయ్యెను.

తరువాత ఇసుక ప్రక్కకు ఇనుము వచ్చెను. ఇరువదవ శతాబ్దారంభమున ఊయెలలు, జారుడుబల్లలు పెరిగి, అనేక స్థలములలో ఇసుక వెనుకబడెను. జారుడుబల్లను నేను నిందింపను. కాని దానితో చేయదగినవి రెండే: ఎక్కుట, జారుట. ఇసుకతో ఇల్లు కట్టవచ్చును, కూల్పవచ్చును, నీరుపోసి కాలువ తీయవచ్చును.

ఈ భేదమును చక్కగ గ్రహించినవాడు డెన్మార్కు దేశపు ఉద్యానశిల్పి సొరెన్‌సెన్. తాను తీర్చిదిద్దిన యాటస్థలములను విడిచి, పిల్లలు ఇండ్లు కట్టుచోట పడియున్న చెక్కలతోను ఇటుకలతోను ఆడుకొనుట నాతడు గమనించెను. పాతసామాను వేసిన యాటస్థల మొకటి పెట్టి చూడవలెనని 1931లో ప్రచురించిన తన గ్రంథమున సూచించెను. పండ్రెండేండ్ల తరువాత, 1943 ఆగస్టు 15న, జర్మనుల యాక్రమణలో నున్న కోపెన్‌హాగెన్‌ నగరమున ఎమ్‌డ్రుప్ అను చోట, శ్రామికుల గృహముల సమీపమున అది తెఱవబడెను. మన్ను, చెక్కలు, ఇటుకలు, సుత్తులు, పారలు – ఇవియే యక్కడి సంపద. పూర్వము నావికుడై, పిమ్మట శిశుశాలోపాధ్యాయుడైన జాన్ బెర్టెల్‌సెన్ అక్కడి పెద్దదిక్కు. పిల్లలడిగినచో సాయపడుటయు, అడుగనిచో ఊరకుండుటయు ఆతని పద్ధతి. పెద్దలకు రెండవదియే కష్టము. తన నిర్మాణములలో ఇదియే మిక్కిలి కురూపి యనియు, తనకు మాత్రము ఇదియే యుత్తమమనియు సొరెన్‌సెన్ తరువాత చెప్పుకొనెను. తోటల యందమునే వృత్తిగా గొన్నవాని నోట వచ్చిన మాట యిది.

1946లో అలెన్ ప్రభ్వి యను ఆంగ్లేయ ఉద్యానశిల్పిని దీనిని చూచి, బాంబులచే కూలిన లండను స్థలములను ఇట్లేల వాడరాదని పత్రికాముఖమున ప్రశ్నించెను. 1948లో కాంబర్‌వెల్ పేటయందు అట్టి స్థలమున పిల్లలు గుడిసెలు కట్టసాగిరి.

మన్ను ముట్టిన రోగములు రావా యని మన తల్లులడుగుదురు. కుక్కలు పాడుచేసిన యిసుక, గాజుపెంకులు, మలము కలిసిన నేలనుండి యంటు కొంకిపురుగు – వీనికి భయపడుట న్యాయమే. శుభ్రమైన మన్ను మాట వేఱు. ఫిన్లాండు శాస్త్రజ్ఞులు మూడు మొదలు ఐదేండ్ల వయస్సుగల 75 మంది పిల్లలను పరిశీలించి 2020లో ఫలితములు ప్రకటించిరి. కొన్ని శిశుశాలల యావరణలలో అడవినేలను తెచ్చి పఱపగా, 28 దినములలో అక్కడి పిల్లల చర్మముపై సూక్ష్మజీవుల వైవిధ్యము పెరిగెను. రక్తమున రోగనిరోధశక్తిని అదుపునందుంచు లక్షణములును హెచ్చెను. పరిశోధన చిన్నది, దానిచే రోగములు రావని తేలలేదు. మన్ననగా మలినమే యను తలపును మరల విచారించుటకు మాత్రము చాలును.

ఇసుక వ్యయము స్వల్పమే. దానిని తిరుగవేసి, రాత్రి కప్పియుంచి, పెంకులేఱి, పిల్లలను కనిపెట్టుటకు జీతమిచ్చి యొక మనిషి నుంచవలెను. బాస్టనులోను ఎమ్‌డ్రుప్‌లోను ఆట సాగినది అట్టి మనుష్యుల వలననే. తోట తెఱచునాడు శిలాఫలకముపై పేర్లు చెక్కించుటకు ధనము దొరకుచున్నది; ఈ జీతమును ఆదాయవ్యయ పట్టికలో వ్రాసిన పురపాలక సంఘ మేదియో పాఠకులు తమ తమ యూళ్లలో విచారింతురు గాక.